వాకిట్లో 45 గడుల ముగ్గు, 30 చింతపిక్కలు: ఇనుము దాటాక మూలకాలు ఎలా పుడతాయో చూపే పద్ధతి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో పిల్లలు సైన్సును బడిలో ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుతారు, సందేహం మాత్రం ఇంటికొచ్చి తెలుగులో అడుగుతారు. "అమ్మ మెళ్లో బంగారం అసలు ఎక్కడ తయారైంది?" అని అడిగితే "నక్షత్రాల్లో" అని చెప్పి ఊరుకుంటాం. ఆ ఒక్క మాటతో పిల్లకు ఏమీ అందదు. ఏది దేనిలో కలిసింది, ఎంతసేపు పట్టింది, కొన్ని మూలకాలు దండిగా ఉండి కొన్ని అరుదుగా ఎందుకున్నాయి, ఇవన్నీ కళ్లకు కనబడాలి. అందుకు ముగ్గుపిండి, 30 చింతపిక్కలు, లూడో పాచికలు అయిదారు చాలు. తొమ్మిదో తరగతి దాటిన పిల్లలు నలుగురైదుగురు ఉంటే రెండు గంటల్లో పూర్తవుతుంది.

గీయడానికి ముందు ఒక్క విషయం నోటితో చెప్పండి. కేంద్రకాలను ఒకదానితో ఒకటి కలిపి బరువు పెంచే పని ఇనుము, నికెల్ దగ్గర ఆగిపోతుంది. అక్కడ ఒక్కో కణానికి (ప్రోటాన్ లేదా న్యూట్రాన్) బంధన శక్తి, అంటే కేంద్రకంలో దాన్ని పట్టి ఉంచే శక్తి, సుమారు 8.8 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు; ఏ కేంద్రకంలోనూ అంతకు మించి లేదు. అది దాటి కలపాలంటే శక్తి రావడం మాట అటుంచి, ఎదురు మనమే పెట్టాలి. దానికి తోడు 26 ప్రోటాన్లున్న కేంద్రకం దగ్గరికి ఇంకో ధనావేశం వస్తే గట్టిగా తోసేస్తుంది. న్యూట్రాన్‌కు ఆవేశం లేదు కాబట్టి దాన్ని ఆపే తలుపే లేదు, నేరుగా లోపలికి వెళ్లిపోతుంది. అక్కణ్ణుంచి ముఖ్యంగా జరిగేవి రెండే అడుగులు. న్యూట్రాన్ చేరితే బరువు ఒకటి పెరుగుతుంది, మూలకం మారదు. న్యూట్రాన్లు మరీ ఎక్కువైతే వాటిలో ఒకటి ప్రోటాన్‌గా మారి ఎలక్ట్రాన్‌ను బయటికి విసిరేస్తుంది. దీన్నే బీటా క్షయం అంటారు. అప్పుడు బరువు మారదు, మూలకం ఒక మెట్టు పైకెక్కుతుంది. ఈ రెండు అడుగుల్లో ఏది ముందు పడుతుందన్న పందెమే ఈ ఆటంతా.

గడులు గీయడం

నేల మీద కళ్లాపి చల్లి, తడి కాస్త ఆరాక గీయండి. పొడి నేల మీద గీస్తే గోపాలపూర్, ఛత్రపురం వైపు మధ్యాహ్నపు సముద్రపు గాలికి ముగ్గు అరగంట కూడా నిలవదు. గడి ఒక అడుగు. అడ్డంగా 9, నిలువుగా 5. ఎడమ పక్కన, కింద ఇంకో అడుగు జాగా వదలండి, అంకెలు అక్కడ రాయాలి.

కింద అంచున ఎడమ నుంచి కుడికి న్యూట్రాన్ల సంఖ్య: 30, 31 అంటూ 38 దాకా. ఎడమ అంచున కింది నుంచి పైకి ప్రోటాన్ల సంఖ్య: 26 ఇనుము, 27 కోబాల్ట్, 28 నికెల్, 29 రాగి, 30 జింకు. ఏ గడిలోనైనా రెండు అంకెలూ కూడితే ఆ కేంద్రకం బరువు వస్తుంది. ఇనుము వరుసలో మొదటి గడి 26, 30 కలిపి 56, అంటే ఇనుము-56. పిల్లలు ఈ కూడిక సొంతంగా నాలుగైదు గడులకు చేశాకే ముందుకెళ్లండి, లేదంటే తర్వాతి కదలికలన్నీ బట్టీ అయిపోతాయి.

ఇప్పుడు స్థిరమైన, అంటే క్షయం కాని, గడులను రంగు ముగ్గుతో నింపండి. మొత్తం 15:

ఇనుము 56, 57, 58
కోబాల్ట్ 59
నికెల్ 58, 60, 61, 62, 64
రాగి 63, 65
జింకు 64, 66, 67, 68

అస్థిరమైన వాటిలో ఆటకు కావలసిన వాటికి అర్ధాయువు, అంటే సగం కేంద్రకాలు క్షయమైపోవడానికి పట్టే కాలం, రాయండి. ఇనుము-59కి 44.5 రోజులు, ఇనుము-60కి సుమారు 26 లక్షల ఏళ్లు, కోబాల్ట్-60కి 5.27 ఏళ్లు, నికెల్-63కి 101 ఏళ్లు, నికెల్-65కి 2.5 గంటలు, రాగి-64కి 12.7 గంటలు, రాగి-66కి 5 నిమిషాలు, జింకు-65కి 244 రోజులు. మిగిలినవి తెల్లగానే ఉండనివ్వండి.

కదలికలు మూడు. న్యూట్రాన్ పట్టుకుంటే కుడికి ఒక గడి. బీటా క్షయమైతే ఎడమకు ఒకటి, పైకి ఒకటి, అంటే ఐమూలగా పైకి. మూడోది ఎలక్ట్రాన్‌ను మింగుకునే క్షయం, లేదా పాజిట్రాన్‌ను విసిరే క్షయం: కుడికి ఒకటి, కిందికి ఒకటి. ఈ మూడోది మన ముగ్గులో రాగి-64కి, జింకు-65కి మాత్రమే పనికొస్తుంది.

మొదటి ఆట: నెమ్మది దారి

30 పిక్కలూ ఇనుము-56 గడిలో పోయండి. ఈ ఇనుము కూడా ఊరికే వచ్చింది కాదు. పేలే నక్షత్రంలో నికెల్-56గా పుట్టి, 6 రోజుల అర్ధాయువుతో కోబాల్ట్-56గా, అది 77 రోజుల అర్ధాయువుతో ఇనుముగా మారినదే ఎక్కువ.

ఒక విసురు అంటే సుమారు 40 ఏళ్లు. ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో పిల్లల చేతే లెక్క కట్టించండి. నెమ్మది దారి నడిచే, అంటే న్యూట్రాన్లు అరుదుగా తగిలే, నక్షత్రంలో ఘన సెంటీమీటరుకు 10⁸ న్యూట్రాన్లు అనుకుందాం. వాటి వేగం సెకనుకు 2.4 × 10⁸ సెంటీమీటర్లు. ఇనుము-56 న్యూట్రాన్‌కు చూపే లక్ష్య వైశాల్యం 12 మిల్లీబార్న్‌లు, అంటే 1.2 × 10⁻²⁶ చదరపు సెంటీమీటర్లు. మూడూ గుణిస్తే సెకనుకు 2.9 × 10⁻¹⁰ వస్తుంది. తిరగేస్తే 3.5 × 10⁹ సెకన్లు, సుమారు 110 ఏళ్లు. ఒక ఇనుము కేంద్రకం ఒక్క న్యూట్రాన్ కోసం సగటున 110 ఏళ్లు కాచుకుంటుందన్నమాట. మన నియమంలో ఇనుము-56కి విసురుకు మూడింట ఒక వంతు అవకాశం ఇస్తున్నాం కాబట్టి ఒక విసురు 40 ఏళ్లకు దగ్గరగా వస్తుంది.

రంగు గడిలో ఉన్న పిక్కకు ప్రోటాన్ల సంఖ్య, న్యూట్రాన్ల సంఖ్య రెండూ సరిసంఖ్యలైతే పాచిక వేయండి: 1 గానీ 2 గానీ పడితేనే కుడికి జరగాలి. రెంటిలో ఏదైనా బేసి అయితే పాచిక అక్కర్లేదు, ప్రతి విసురుకూ జరగాల్సిందే. జత కుదరని కణం ఉన్న కేంద్రకం ఇంకో న్యూట్రాన్‌ను ఆత్రంగా లాక్కుంటుంది: ఇనుము-57 లక్ష్య వైశాల్యం ఇనుము-56 కన్నా మూడింతలు పైనే. సరిసంఖ్యల కేంద్రకాలన్నిటికీ అసలు విలువలు ఒక్కటి కావు, నికెల్-60ది ఇనుము-56 కన్నా చాలా ఎక్కువ. ఈ నియమం మొత్తం ధోరణి చూపడానికే.

తెల్ల గడిలో పడ్డ పిక్క, నికెల్-63లో తప్ప, అక్కడ ఆగదు. 40 ఏళ్ల ముందు 44 రోజులు ఎంత? ఇనుము-59లో పడ్డది వెంటనే ఐమూలగా కోబాల్ట్-59కి ఎక్కేస్తుంది. కోబాల్ట్-60 నికెల్-60కి, నికెల్-65 రాగి-65కి, రాగి-66 జింకు-66కి ఎక్కుతాయి. రాగి-64కి మాత్రం ఇంకో పాచిక వేయండి. 1 నుంచి 4 పడితే కిందికి దిగి నికెల్-64, 5 గానీ 6 గానీ పడితే ఎక్కి జింకు-64. నిజంగానే అది 61 శాతం కిందికి, 39 శాతం పైకి పోతుంది. జింకు-65 రాగి-65కి దిగుతుంది. జింకు-68 చేరిన పిక్క అక్కడే ఉంటుంది.

నికెల్-63 దగ్గర కాసేపు ఆగండి, ఈ ముగ్గులో అన్నిటికన్నా విలువైన గడి అదే. దాని అర్ధాయువు 101 ఏళ్లు. న్యూట్రాన్ కోసం అది ఎదురు చూడాల్సిన కాలం కూడా అదే స్థాయిలో ఉంటుంది, అందుకే ఏది ముందన్నది ముందే చెప్పలేం. పిక్కను ఆ గడిలో ఒక విసురు ఉంచి పాచిక వేయండి: 6 పడితే రాగి-63కి ఎక్కుతుంది, లేకపోతే కుడికి జరిగి నికెల్-64 అవుతుంది. న్యూట్రాన్లు పదో వంతుకు తగ్గిపోయాయని చెప్పి, ఈసారి 3 నుంచి 6 దాకా ఏది పడ్డా ఎక్కించండి, రాగి-63 పోగు పెరుగుతుంది. అంటే నికెల్-64, రాగి-63 గడుల్లో ఎన్నెన్ని పిక్కలున్నాయో చూసి నక్షత్రంలో న్యూట్రాన్లు ఎంత దట్టంగా ఉండేవో వెనక్కి లెక్క కట్టవచ్చు. ఖగోళ భౌతిక శాస్త్రజ్ఞులు చేసేదీ అదే. నక్షత్రపు వేడికి నికెల్-63 అర్ధాయువు తగ్గిపోతుంది, మనం రాసిన 101 భూమ్మీది అంకె. ఈ సంగతి పెద్ద పిల్లలకు తప్పకుండా చెప్పండి.

12 విసుర్లయ్యాక ఆపి పిక్కలు లెక్కపెట్టండి. ఇనుము-58, నికెల్-60, 62, 64 గడుల్లో పోగులు కనిపిస్తాయి. ఇనుము-57, కోబాల్ట్-59, నికెల్-61లలో ఒకటో రెండో, ఒక్కోసారి ఏవీ ఉండవు. న్యూట్రాన్‌ను సులువుగా పట్టుకునే గడి తొందరగా ఖాళీ అవుతుంది, పట్టుకోని గడిలో పోగవుతుంది. లక్ష్య వైశాల్యాన్ని పిక్కల సంఖ్యతో గుణిస్తే పక్కపక్క గడుల్లో దాదాపు ఒకే విలువ వస్తుంది. అసలు నక్షత్రాల్లో కూడా ఈ గుణకారం నిలుస్తుంది, ముఖ్యంగా మాంత్రిక సంఖ్యల (న్యూట్రాన్ల పొర నిండే 50, 82, 126 లాంటివి) మధ్య ప్రాంతాల్లో.

ఎక్కడ తప్పుతుంది

పిక్కలను ఎడమ నుంచి కదిపితే ఒకే విసురులో ఒకే పిక్క రెండుసార్లు జరిగిపోతుంది. ఎప్పుడూ జింకు-68 వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి ఇనుము-56కి రండి.

ఒక గడికి ఒక్క పాచిక వేసి గడిలోవన్నీ కలిపి జరపడం ఇంకో పొరపాటు. 30 పిక్కలూ గుంపుగా నడుస్తాయి, పోగులే ఏర్పడవు. గడిలో ఎన్ని పిక్కలుంటే అన్ని పాచికలు. పాచికలు చాలకపోతే విడతలుగా వేయండి, పొద్దుపోతున్నా ఇందులో తొందర వద్దు.

పాచికల బదులు గోపాలపూర్ గవ్వలు వాడాలని పిల్లలకు ఉబలాటంగా ఉంటుంది. అష్టాచెమ్మాకు సరే గానీ, గవ్వ బోర్లా పడే అవకాశం, వెల్లకిలా పడే అవకాశం సమానం కావు, గవ్వను బట్టి మారతాయి కూడా. వాడాలంటే ఒక్కో గవ్వను 100 సార్లు వేసి ఎన్నిసార్లు వెల్లకిలా పడిందో రాసుకుని, దాన్ని బట్టి నియమం మార్చాలి.

"మేష్టారూ, నికెల్-58 గడిలోకి ఒక్క పిక్కా రాలేదేంటి?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆట తప్పలేదు. ఇనుము నుంచి న్యూట్రాన్లతో నడిచే ఏ దారీ ఆ గడికి చేరదు. అయినా భూమ్మీద నికెల్‌లో 68 శాతం నికెల్-58 ఉంది, ఎందుకంటే అది నేరుగా సూపర్‌నోవా (పేలే నక్షత్రం) లోపలే తయారవుతుంది. ప్రతి మూలకం పుట్టుకకీ ఒకే దారి ఉండదని చెప్పడానికి ఈ ఖాళీ గడి కన్నా మంచి సాక్ష్యం దొరకదు.

ఇనుము-60 గడి కూడా ఈ ఆటలో ఖాళీయే. దాన్ని చేరాలంటే ఇనుము-59, 44 రోజుల్లోపు ఇంకో న్యూట్రాన్‌ను అందుకోవాలి, అంటే న్యూట్రాన్లు ఇంకా చాలా దట్టంగా ఉండాలి. పెద్ద నక్షత్రాల్లో అలా జరుగుతుంది. సముద్రగర్భపు మట్టిపొరల్లో ఇనుము-60 దొరికింది. దాని అర్ధాయువు 26 లక్షల ఏళ్లే కాబట్టి, భూమి పుట్టినప్పటిదైతే ఈపాటికి మిగిలేదే కాదు. ఖగోళ లెక్కన ఇటీవలి కాలంలోనే మనకు దగ్గర్లో నక్షత్రం పేలిందని అది చెబుతోంది.

నక్షత్రంలో న్యూట్రాన్లు ఎక్కణ్ణుంచి వస్తాయన్నది తప్పక వచ్చే ప్రశ్న. విడి న్యూట్రాన్ 10 నిమిషాల అర్ధాయువుతో క్షయమవుతుంది, నిల్వ ఉండదు. అందుకని అప్పటికప్పుడు పుట్టాలి: కార్బన్-13ని హీలియం కేంద్రకం గుద్దితే ఆక్సిజన్-16, ఒక న్యూట్రాన్, నియాన్-22ని గుద్దితే మెగ్నీషియం-25, ఒక న్యూట్రాన్. మొదటిది వయసు మళ్లిన ఎర్ర నక్షత్రాల్లో, రెండోది ఎక్కువగా భారీ నక్షత్రాల్లో. ఈ పని నక్షత్రాల్లో నిజంగా జరుగుతోందనడానికి రుజువు 1952లో దొరికింది: ఖగోళ శాస్త్రజ్ఞుడు పాల్ మెరిల్ కొన్ని ఎర్ర నక్షత్రాల కాంతిలో టెక్నీషియం గీతలు చూశారు. స్థిరమైన రూపమే లేని మూలకం అది. నక్షత్రం వయసుతో పోలిస్తే దాని ఆయుష్షు క్షణం లాంటిది, కాబట్టి అక్కడే, అప్పుడే పుట్టి ఉండాలి.

రెండో ఆట: వేగం దారి

పిక్కలన్నీ మళ్లీ ఇనుము-56కి చేర్చండి. ఈసారి ఘన సెంటీమీటరుకు 10²² న్యూట్రాన్లు. పై లెక్కలో 10⁸ తీసి 10²² పెడితే 110 ఏళ్లు కాస్తా 35 మైక్రోసెకన్లవుతుంది. 44 రోజుల ఇనుము-59కి కూడా ఎక్కడానికి వ్యవధి లేదు. కాబట్టి ఈ ఆటలో ముందు అందరూ కుడికే పరిగెత్తాలి, ఎక్కడం తర్వాత.

ఒక్కో పిక్కకు పాచిక వేసి, పడ్డ అంకెకు 2 కలిపి అన్ని గడులు ఇనుము వరుసలోనే కుడికి జరపండి. 1 పడితే ఇనుము-59, 6 పడితే ఇనుము-64. అన్నీ జరిగాక "న్యూట్రాన్లు అయిపోయాయి" అని కేకేయండి. ఇప్పుడు ప్రతి పిక్కా ఐమూలగా పైకెక్కుతూ మొదటి రంగు గడి తగలగానే ఆగాలి. 59 కోబాల్ట్ అవుతుంది. 60, 61, 62 నికెల్ అవుతాయి. 63 రాగి దాకా ఎక్కుతుంది. 64 నికెల్-64 దగ్గర ఆగిపోతుంది.

64 బరువున్న ఐమూల మీద వేలు పెట్టి చూపండి. నికెల్-64 రంగు గడి, రెండు మెట్ల పైన జింకు-64 కూడా రంగు గడి. కింది నుంచి వచ్చే పిక్కలన్నీ నికెల్ దగ్గరే ఆగిపోతాయి కాబట్టి జింకు-64కి ఒక్కటీ చేరదు. మొదటి ఆటలో అదే గడికి రాగి-64 మీదుగా పిక్కలు వచ్చాయి. బరువైన మూలకాల్లో ఇలా గొడుగు కింద దాక్కున్నట్టున్న కేంద్రకాలు చాలా ఉన్నాయి. వాటిని చూసే ఏ మూలకంలో ఎంత భాగం ఏ దారిన వచ్చిందో విడదీస్తారు. 1957లో శాస్త్రజ్ఞులు మార్గరెట్ బర్బిడ్జ్, జెఫ్రీ బర్బిడ్జ్, ఫౌలర్, హోయిల్ నలుగురూ కలిసి, అదే ఏడాది కామెరాన్ విడిగా, ఈ రెండు దారుల లెక్క తేల్చారు.

నిజమైన వేగం దారి మన ముగ్గు కుడి అంచు దాటి చాలా దూరం పోతుంది. న్యూట్రాన్ల సంఖ్య 50, 82, 126 అయినప్పుడు కేంద్రకం నిండిన పొరతో గట్టిగా ఉండి కొత్త న్యూట్రాన్‌ను సులువుగా పట్టుకోదు. అక్కడ రెండు దారుల్లోనూ పోగులు పడతాయి. నెమ్మది దారిలో ప్రోటాన్లు సరిపడా ఉంటాయి కాబట్టి ఆ పోగులు స్ట్రాన్షియం-88, బేరియం-138, సీసం-208. వేగం దారిలో అవే సంఖ్యల దగ్గర ప్రోటాన్లు చాలా తక్కువగా ఉంటాయి. తర్వాత ఐమూలగా ఎక్కినా బరువు మారదు కాబట్టి పోగులు 80, 130, 195 బరువుల దగ్గర పడతాయి. ఆ 195 పోగు పక్కనే ప్లాటినం, బంగారం. పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడ ఇవ్వాలి: బంగారానికి స్థిరమైన రూపం ఒక్క 197 మాత్రమే, అందులో ఎక్కువ భాగం ఈ వేగం దారిలో వచ్చిందే. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న సంకేతం భూమికి అందింది. ఆ ఢీతో వచ్చిన వెలుగు ఆరిపోయిన తీరులో ఇలాంటి బరువైన కేంద్రకాల క్షయం కనిపించింది, స్ట్రాన్షియం గుర్తు 2019లో దొరికింది.

నెమ్మది దారి బిస్మత్-209 దగ్గర గిరగిరా తిరుగుతుంది. న్యూట్రాన్ చేరి బిస్మత్-210 అయితే 5 రోజుల అర్ధాయువుతో పొలోనియం-210, అది 138 రోజుల అర్ధాయువుతో ఆల్ఫా కణాన్ని (హీలియం కేంద్రకాన్ని) విసిరి సీసం-206. ఎక్కిన మెట్లు దిగిపోయినట్టే. కాబట్టి థోరియం, యురేనియం భూమ్మీద ఉన్నాయంటే అవి వేగం దారినే వచ్చాయి.

థోరియం, మన ఒడ్డు

ఆ థోరియం మన గంజాం జిల్లాలోనే ఉంది. ఛత్రపురం దగ్గరి తీరపు ఇసుకలో ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్, గార్నెట్, సిల్లిమనైట్‌తో పాటు మోనజైట్ ఉంటుంది. ఐఆర్‌ఈఎల్ (ఒకప్పటి ఇండియన్ రేర్ ఎర్త్స్) అనే ప్రభుత్వరంగ సంస్థ ఒడిశా శాండ్స్ కాంప్లెక్స్‌లో వీటిని వేరు చేస్తారు. మోనజైట్‌లో ఉండేది థోరియం-232, అర్ధాయువు 1,405 కోట్ల ఏళ్లు. సౌరకుటుంబానికి సుమారు 457 కోట్ల ఏళ్లు కాబట్టి అప్పటి 30 పిక్కల్లో ఇంకా 24 మిగిలాయి. ఆరు పిక్కలు తీసి పక్కన పెట్టి చూపండి. ఆటకని ఒడ్డు నుంచి నల్ల ఇసుక తెచ్చి ఇంట్లో పెట్టుకోవద్దు, పిల్లల చేతికివ్వవద్దు. మోనజైట్ ధూళి ఊపిరితో లోపలికి వెళ్తే హాని, పైగా అది ప్రభుత్వ నియంత్రణలో ఉన్న ఖనిజం. ఒడ్డున అలలు పేర్చిన నల్ల చారలను చూపి, అక్కడే వదిలేసి రండి.

రియాక్టర్‌లో థోరియంతో చేసేది మన ముగ్గులోని రెండు అడుగులే. థోరియం-232 కుడికి ఒక గడి జరిగి 233 అవుతుంది. 22 నిమిషాల అర్ధాయువుతో ఐమూలగా ఎక్కి ప్రొటాక్టినియం-233, 27 రోజుల అర్ధాయువుతో ఇంకో మెట్టెక్కి యురేనియం-233. విచ్ఛిత్తికి (కేంద్రకం చీలి శక్తినివ్వడానికి) పనికొచ్చే ఇంధనం ఇది. కల్పాక్కంలోని 30 కిలోవాట్ల కామిని రియాక్టర్ దీనితోనే నడిచింది. ముగ్గు మూలన ఇంకో నాలుగు గడులు (థోరియం-233, ప్రొటాక్టినియం-233, యురేనియం-233, ప్రొటాక్టినియం-234) గీసి దీన్నీ ఆడించండి: ప్రొటాక్టినియంలో 30 పిక్కలు, విసురుకు 27 రోజులు, ఒక్కో పిక్కకు నాణెం, బొమ్మ పడితే యురేనియంకి. ఏడు విసుర్లు, అంటే 189 రోజులు గడిచేసరికి సాధారణంగా ఒక్కటి కూడా మిగలదు. నాలుగో గడి ప్రొటాక్టినియం-234కి. క్షయం కాకముందే ప్రొటాక్టినియం-233కి ఇంకో న్యూట్రాన్ తగిలితే పిక్క అందులోకి జారి, అక్కణ్ణుంచి యురేనియం-234గా మారుతుంది, ఇంధనం చేజారుతుంది. అందుకే థోరియం రియాక్టర్ల నమూనాల్లో ప్రొటాక్టినియాన్ని న్యూట్రాన్లకు దూరంగా, క్షయమయ్యేదాకా ఉంచే ఆలోచన ఉంది. ఆటలో దాన్ని చూపాలంటే, రెండు విసుర్లకోసారి ఒక పిల్లను న్యూట్రాన్‌గా నిలబెట్టి, ప్రొటాక్టినియం-233 గడిలోంచి ఒక పిక్కను కుడి గడిలోకి నెట్టమనండి. చివర్లో యురేనియం-233లో ఎన్ని తగ్గాయో లెక్కపెట్టి, ముందు ఆటతో పక్కపక్కన రాయించండి.